ఆరో నంబరు జోడు

ఆ వీధిలో అందరికీ ఆవిడ లెక్కలత్తయ్యే. ఇరవయ్యేళ్లు బట్టల దుకాణంలో క్యాషియరుగా చేసి మానేశాక, ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, నాలుగు కొట్లకు పద్దులు రాయడం మొదలుపెట్టింది. అంకె తేడా వచ్చిందంటే ఆవిడకు ముద్ద దిగదు.

అందులో ఒకటి చెప్పుల కొట్టు. కింద మావగారు అమ్ముతాడు, అదే సరుకు మేడమీద గదిలోంచి కోడలు ఆన్‌లైన్లో అమ్ముతుంది. ఆర్డర్లు జోరుగానే వస్తున్నాయి, చేతిలో మాత్రం చిల్లిగవ్వ మిగలడం లేదు.

"పైన పటారం, లోన లొటారం. ఈ నెలతో కట్టిపెట్టమ్మా" అన్నాడు మావగారు. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకునే మనిషి కాదు లెక్కలత్తయ్య. తిరిగొచ్చిన సరుకు జాబితా విడిగా తీసింది. ఆ నెల అరవై మూడు జోళ్లు వెనక్కొచ్చాయి. అందులో నలభై ఒకటి ఒకే రకం, గోధుమరంగువి. రానూపోనూ కొరియరు ఖర్చు కొట్టుదే. లాభమంతా దానికే హారతి కర్పూరమైపోతోంది.

"ఏదీ, ఆ రకంలో ఆరో నంబరు ఒకటి పట్రామ్మా. నాదీ ఆరే" అంది.

పాదం సగం దూరి ఆగిపోయింది. కోడలు వంగి మడమ పట్టుకుని నెట్టింది, ఆవిడ "అబ్బబ్బా!" అని అరిచింది. స్కేలు పెట్టి కొలిస్తే అది అయిదో నంబరే. అచ్చు మాత్రం ఆరని ఉంది.

ఆ కేకకి మావగారు పరుగున మెట్లెక్కొచ్చాడు. సంగతి విని తేలిగ్గా నవ్వేశాడు. "ఓస్, అదా! ఆ రకం మొదట్నుంచీ బిగుతే కదా. నేనెప్పుడూ ఒక నంబరు పెద్దదే ఇస్తాను."

కోడలు ముక్కున వేలేసుకుంది. "మరి నాకు చెప్పలేదేం మావయ్యగారూ?"

"నువ్వడగలేదు కదమ్మా" అన్నాడాయన, నవ్వు మొహంమీదే ఆరిపోతుంటే.

"అన్నయ్యగారూ, మీకు తెలిసింది మీ నోట్లోనే ఉంటే నా పద్దుల్లోకి ఎలా వస్తుంది?" అంది లెక్కలత్తయ్య, నొప్పెట్టిన వేళ్లు రుద్దుకుంటూ.

ఆయన కుర్చీ లాక్కుని కోడలి పక్కన కూర్చున్నాడు. ఏది బిగుతో, ఏది వాడగా వాడగా సాగుతుందో ఒక్కో రకం గురించీ చెప్తుంటే ఆ అమ్మాయి ఆన్‌లైన్లో ఆ జోడు బొమ్మ కిందే టైపు చేసింది. మధ్యలో తెప్పించిన టీలు చల్లారిపోయినా ఇద్దరూ చూసుకోలేదు.

మరుసటి నెల వెనక్కొచ్చినవి తొమ్మిదే. కట్టిపెట్టే మాట ఆయన మళ్లీ ఎత్తలేదు సరికదా, పొద్దున్నే షట్టరు తీస్తూ మేడమీదికి కేకేయడం నేర్చాడు: "ఏమ్మా, ఇవాళ మనకెన్ని ఆర్డర్లు?"