మేడం ముందు మూడు ఏడులు

మా మేడం పోయారని పోయిన మంగళవారం పొద్దున నాగర్‌కర్నూల్ నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. దవాఖానకు తీసుకెళ్లేలోపే గుండె ఆగిపోయిందట. వనపర్తిలో ఆఫీసుకు బయలుదేరబోతున్న నేను, బ్యాగు భుజాన ఉండగానే మెట్ల మీద కూర్చుండిపోయాను. నేను చేస్తున్నది సర్వర్లు చూసుకునే ఉద్యోగం. ఆ పని ఆమె నేర్పిందే. కానీ ఆమె గురించి రాయాలని కూర్చుంటే ముందుగా గుర్తొచ్చింది నా తప్పు వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన రోజు.

పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాక మేడం గద్వాలలో ఎరువుల దుకాణం పైన ఒక పొడవాటి గది తీసుకున్నారు. ఎవరో పారేయబోయిన ఆరు పాత కంప్యూటర్లు తెచ్చి, ఉచితంగా దొరికే లినక్స్ వేసి, మాలాంటి ఆడపిల్లలకు నేర్పేవారు. మౌస్‌లు బీరువాలో పెట్టి తాళం వేసేవారు. నల్లటి తెర మీద కమాండ్లు కొట్టే పని చేయించేవారు. నేను పెబ్బేరు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని.

ఎంటర్ కొట్టే ముందు టైపు చేసిన వరుసను పైకి చదవాలనేది ఆమె నియమం. "మిషన్ మనల్ని మళ్లోసారి అడగదు, మనల్ని మనమే అడగాలె" అనేవారు. ఎవరి కీబోర్డూ ముట్టేవారు కాదు. తప్పు కొట్టబోతుంటే పక్కన నిలబడి దగ్గేవారు, అంతే.

ప్రతి ఫైలుకూ మూడు రకాల మనుషులుంటారని చెప్పేవారు: దాన్ని తయారుచేసినవాళ్లు, వాళ్ల జట్టు, మిగిలిన లోకం. చదవడం, రాయడం, నడపడం, వీటిలో ఎవరికి ఏ అనుమతి ఇస్తున్నామో chmod అనే కమాండుతో చెప్పాలి. దానికి 777 అని తగిలిస్తే అందరికీ అన్నీ ఇచ్చేసినట్టు. ఆ మూడు ఏడులు చూస్తే తనకు చెమట పడుతుందని ఆమె అంటే మేం నవ్వేవాళ్లం.

వలస కూలీల సంఘం ఫైళ్లు కూడా ఆ గదిలోనే, అన్ని కంప్యూటర్లకూ అందే ఒకే చోట ఉండేవి. ఆ ఏడు పొరుగు రాష్ట్రంలో ఒక కట్టడం దగ్గర గోడ కూలి మన వైపు కూలీ ఒకతను చనిపోయాడు. అతను అసలు పనికే రాలేదని మేస్త్రీ బుకాయిస్తున్నాడు. కళ్లారా చూసిన నలుగురు ఆడవాళ్లు సంఘానికి వాంగ్మూలం ఇచ్చారు. అధికారి ముందు చెప్పేదాకా వాళ్ల పేర్లు బయటికి రాకూడదు. ఆ నాలుగు ఫైళ్లూ మేడం నా చేతనే టైపు చేయించారు.

సంఘంలో పనిచేసే ఒకామెకు అవి తెరుచుకోలేదు. అనుమతి లేదని వస్తోందని తొందరపెట్టింది. జట్టులో ఆమె పేరు చేర్చితే సరిపోయేది. నేను ఫోల్డరు మొత్తానికి 777 కొట్టేశాను. తర్వాత సరిచేద్దాంలే అనుకుని మేడంకు చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత ఒకతను దరఖాస్తు ప్రింటు తీసుకోవాలని వచ్చి, బయటివాళ్లకు కేటాయించిన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కాసేపటికి మేడం బయటినుంచి వచ్చి అతన్ని చూశారు. నా కుర్చీ దగ్గరికి వంగి, అతను మేస్త్రీ మనిషని, సంఘం ఫోల్డరు ఎట్లుందో చూడమని మెల్లగా చెప్పారు. అనుమతులు చూపించే ls -l కొట్టాను. ప్రతి వరుసలోనూ అన్ని అనుమతులూ అందరికీ ఉన్నాయి. మేడం తిట్టలేదు. మూసెయ్యమన్నారు.

గబగబా టైపు చేసి ఎంటర్ మీద వేలు పెట్టాను. మేడం దగ్గారు.

"ఎక్కడున్నవో చూసుకున్నవా?"

చూసుకోలేదు. నేను వేరే ఫోల్డరులో ఉన్నాను. అది తెలుసుకుని, సరైన చోటికి వెళ్లి, వరుసను పెదవులతో చదివి ఎంటర్ కొట్టాను. అంతలో అవతలి కుర్చీ చప్పుడైంది.

"ఇప్పటిదాంక తెరుచుకున్నది, ఇప్పుడు తెరుచుకుంటలేదేంది మేడం?"

అతని ఫోను చేతిలోనే ఉంది. మేడం మామూలు గొంతుతోనే అన్నారు: "అది మీది కాదు. మీ దరఖాస్తు ఏడుందో చెప్పుండ్రి, తీసిస్త."

అతను మా ఇద్దరినీ కాసేపు చూసి, ప్రింటు తీసుకోకుండానే మెట్లు దిగిపోయాడు.

ఫైళ్లను ఆఖరిసారి ఎప్పుడు చదివారో తీసి చూశాం. మూడు ఫైళ్లకు ముందురోజు తేదీ ఉంది, అవి సంఘం ఆమె తెరిచినవి. ఒకదానికి మాత్రం అప్పటికి పదకొండు నిమిషాల కిందటి సమయం. ఆ వాంగ్మూలం ఇచ్చిన ఆమెకు సంఘం వాళ్లతో కబురు పంపిద్దామా అని ఏడుస్తూ అడిగాను. మేడం ఒప్పుకోలేదు.

"నీ చేత్తోని తెరిచినవ్. నీ నోటితోనే చెప్పాలె. నేను పక్కన ఉంట."

ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. మల్దకల్ దాటాక ఆమె ఊరు. ఆ ఊరి పేరు, ఆమె పేరు ఇప్పటికీ రాయను. వెనక నుంచి మోటారుసైకిలు వచ్చినప్పుడల్లా తల బయటపెట్టి చూసేదాన్ని. ఆమె విత్తనపు పత్తి చేలో పనిలో ఉంది. గట్టు మీద నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కొంగుతో చేతులు తుడుచుకుని అడిగింది:

"నా ఒక్కదాని పేరే చూసిండా, అందరియా?"

ఆమెది ఒక్కటే అని చెప్పాను.

"గట్లయితే నయమే. వాళ్లకు చిన్న పిల్లలున్నరు." ఆమె మేడం వైపు తిరిగింది. "ఎల్లుండి ఆఫీసరుకు చెప్పేది ఇయ్యాలనే చెప్త. వాడు వచ్చేలోపల పోదాం పాండ్రి."

సాయంత్రం మేస్త్రీ మనుషులు ఆమె ఇంటికి వచ్చారని తర్వాత తెలిసింది. అప్పటికే ఆమె వాంగ్మూలం అధికారి రిజిస్టరులోకి ఎక్కింది. ఆ బలంతో మిగిలిన ముగ్గురూ చెప్పారు. చనిపోయిన అతను ఆ పనిలోనే చనిపోయాడని అతని భార్య చేతికి కాగితం వచ్చింది. పేరు బయటపడిన ఆ సాక్షి కొన్నాళ్లు చుట్టాల ఊళ్లో తలదాచుకోవాల్సి వచ్చింది. అది మాత్రం నా వల్లే.

మేడం మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు నేను ముఖం చెల్లక ఆలస్యంగా వెళితే, ఇకమీదట గదిలో ఉన్న ఫోల్డర్లన్నీ నేనే చూసుకోవాలన్నారు. నన్ను పంపేస్తారనుకుని వెళ్లినదాన్ని. అంత నమ్మకం నా మీద నాకే లేదు.

మొన్న నాగర్‌కర్నూల్లో ఆమెను సాగనంపి వస్తున్నప్పుడు బస్సులో నా కళ్ల ముందు కదిలింది అధికారి ఆఫీసు వరండా. లోపల ఆ సాక్షి రెండు గంటలు మాట్లాడింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. మేడం కూర్చోలేదు. కాళ్లు వాచినా, ఎండ గోడ మీద పాకి ఆమె భుజాల దాకా వచ్చినా, ఆ గది గుమ్మం పక్కనే నిలబడి, కింద నుంచి ఎవరొస్తారోనని మెట్ల వైపే చూస్తూ ఉన్నారు.