ఎన్నిట్ల ఎన్ని?

ఈ ఉదయం వాన కాస్త తెరిపి ఇచ్చాక ఇడ్లీ కోసం దబీర్‌పురా స్టేషన్ దాకా వెళ్లాను. అక్కడి టిఫిన్ సెంటర్ అతను నిన్నటి ధరలు రాసిన నల్లబోర్డును తడిగుడ్డతో తుడుస్తున్నాడు. తడిసిన చాక్‌పీసు వాసన ముక్కుకు తగలగానే నా కుడిచేతి వేళ్లు, ఏదో రాయబోతున్నట్టు, వాటంతట అవే దగ్గరికి చేరాయి. ఇరవై ఏళ్లు కావస్తోంది. ఇప్పటికీ ఆ వాసన వస్తే నాకు ఒక పాలదుకాణం, దాని గోడకున్న బోర్డు, పక్కన స్టూలు మీద ఒక ముసలాయన కనిపిస్తారు. నాకు తెలిసి ఆ బోర్డు మీద ఒక్కసారే అబద్ధం వచ్చింది. అది రాసింది నేను.

ఆయన పేరు పెంటయ్య. మాది కృష్ణా జిల్లా. మావారికి ఇక్కడ ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. రైలెక్కి వెళ్లడానికి వీలని ఈ గల్లీలో అద్దెకు దిగాం. మా వైపు పెంట అంటే చెత్తకుప్ప. అంత పెద్దమనిషిని ఆ పేరుతో ఎలా పిలవడం? నెల రోజులు "ఏవండీ, పాలు" అంటూ నెట్టుకొచ్చాను. చివరికి ఆయనే అన్నారు, "బాపు అను బిడ్డా, అందరు గదే అంటరు" అని. "అలాగే బాపుగారూ" అన్నాను. "గారు వద్దు, బరువైతది. బాపు చాలు."

పొద్దున ఆరున్నరకు ఆ దుకాణం ముందు గిన్నెలూ క్యాన్లూ పట్టుకుని పదిహేను, ఇరవై మందిమి నిలబడేవాళ్లం. బాపు చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్న మనిషి. తెలుగు తర్వాత నేర్చుకున్నారు. రోజూ ఒక ఉర్దూ పేపరు, ఒక తెలుగు పేపరు వచ్చేవి. కోడలు పాలు కొలిచి పోస్తుంటే ఆయన వార్త పైకి చదివేవారు. చదివి ఊరుకునేవారు కాదు, ఆ వార్తతో తగాదాకు దిగేవారు. చివరికి లేచి బోర్డు మీద, పాల ధర కింద, తన తీర్పు ఒక్క వాక్యంలో రాసేవారు. ఎడమవైపు తెలుగు, కుడివైపు ఉర్దూ. "నగరంలో కుండపోత" అని పేపరు రాసిన రోజు బోర్డు మీద ఇలా ఉంది: "మా పెరట్ల పెట్టిన క్యాన్ల రెండు వేళ్ల మందం నీళ్లు. కుండ చిన్నదున్నట్టుంది." మన నగరం ఏదో పోటీలో ఉత్తమ నగరమని వస్తే, "అడిగిందెవరిని? మా గల్లీకైతే ఎవరు రాలే." ఏ వార్తయినా ఆయన ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఎన్నిట్ల ఎన్ని? పది మందికి జబ్బు చేసిందంటే, ఎంతమందిలో పది? సగం మంది ఒప్పుకున్నారంటే, అడిగింది ఇద్దరినా, ఇరవై వేలమందినా? కింద అంకె లేని వార్త, అడుగు లేని చెంబు అనేవారు.

లోపాలు లేని మనిషేమీ కాదు. తన గొంతు తనకు మహా ఇష్టం. ఆయన తీర్పు పూర్తయ్యేదాకా కోడలు కూడా కొలత ఆపి వినాల్సిందే. ఆ పుణ్యాన మావారు రెండుసార్లు రైలు తప్పారు.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పినదాన్ని. చదువు అక్కడే ఆగింది. కానీ లెక్కంటే భయం మాత్రం పోయింది, ఎందుకంటే ఇక పరీక్ష లేదు కదా. ఇంట్లో ఖాళీగా ఉంటే మెట్లూ అడుగులూ లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు బాపు ఒక సభ గురించి చదివారు. లక్షమంది వచ్చారట. క్యూలో ఒకాయన "వచ్చే ఉంటరు, మస్తు జనం" అన్నాడు. ఇంకొకాయన "ఏడికెళ్లి వస్తరు?" అన్నాడు. లొల్లి మొదలైంది. ఆ మైదానం పక్క నుంచి నేను రోజూ కూరగాయలకు వెళతాను. నోరాగలేదు. "పొడవు నూరు గజాలు, వెడల్పు ఎనభై. ఎనిమిది వేల చదరపు గజాలు. గజానికి ముగ్గురిని కుక్కినా ఇరవై నాలుగు వేలు. ఒకరి భుజాల మీద ఒకరిని ఎక్కించినా నలభై ఎనిమిదే" అన్నాను.

క్యూ అంతా నా వైపు తిరిగింది. బాపు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "గజాలు ఎట్ల తెలుసు నీకు?" అన్నారు.

"అడుగులు లెక్కపెట్టాను బాపూ."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికెనట! ఇన్నరా? పేపరోనికి జీతమిస్తరు, లెక్కపెట్టడు. ఈమెకు ఎవరియ్యరు, లెక్కపెడ్తది." ఆ రోజు బోర్డు మీద రాసింది నా అంకె. మా ఊళ్లో లెక్కల మాస్టారు నన్ను తరగతి ముందు నిలబెట్టింది తిట్టడానికే. పదిమంది ముందు నా లెక్క నిలబడడం అదే మొదటిసారి.

ఇంకో వార్త కూడా చెప్పాలి. ఒక పొద్దున పేపర్లో "పాతబస్తీలో ఉద్రిక్తత" అని పెద్ద అక్షరాలు. మా అక్క బెజవాడ నుంచి ఫోను చేసి ఏడుపు. మావారు గొడవ సంగతి విని ముందురోజు సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్ వైపు ఇల్లు చూద్దామన్నారు. ఇద్దరం పాలకు వెళితే బోర్డు మీద ఇలా ఉంది: "పాతబస్తీలో ఉద్రిక్తత: రెండు గల్లీలల్ల. కడమ గల్లీలల్ల పాలు పోసినం." మావారు దాన్ని రెండుసార్లు చదువుకుని, క్యాను అందుకుని ఇంటికి నడిచారు. ఇల్లు మారే మాట మళ్లీ ఎత్తలేదు. కానీ ఆ రోజు నా వెనక నిలబడిన ఖైరున్నిసా ఆపా నవ్వలేదు. ఆపా అంటే అక్క; ఆమె మా గల్లీలోనే ఉంటుంది, లాడ్ బజార్ దుకాణాలకు ఇంట్లో లక్క గాజులు చేసి ఇస్తుంది. "ఆ రెండు గల్లీలల్ల ఒకటి మా చెల్లెది బాపూ" అంది. బాపు చాక్‌పీసును పక్కన పెట్టేశారు. ఆయన ఏమీ అనకపోవడం నేను చూసింది ఆ రోజే.

తర్వాత ఆయన కళ్లకు పొర వచ్చింది. పేపరు చదవడం కష్టమైంది. తెలుగు పేపరు నేను చదివి వినిపించడం, బోర్డు నేను రాయడం మొదలైంది. ఉర్దూ పేపరును కోడలి తమ్ముడు వచ్చినప్పుడు చదివేవాడు. కానీ అంకెల కోసం అంతసేపు ఆగలేక బాపు నాకు ఉర్దూ అంకెలు నేర్పారు. "ఇగో, గిది జాగ్రత్త. వాళ్ల ఐదు మన సున్న లెక్కనే గుండ్రంగుంటది. కింద చిన్న నొక్కుంటది, గంతే. వాళ్ల సున్న ఉత్త చుక్క." నేను అంకె చదివినప్పుడల్లా "సున్ననా, ఐదా?" అని ఒకసారి, "మల్ల చూడు" అని ఇంకోసారి అడిగేవారు. ఆరు నెలల్లో నేను ఒక్కసారీ తప్పు చదవలేదు. నిజం చెప్పాలంటే, ఆ రెండో ప్రశ్న నాకు విసుగు తెప్పించేది.

వానాకాలం వచ్చింది. బాపుకు కంటి ఆపరేషనై, కంటికి పట్టీ వేసుకుని స్టూలు మీద కూర్చున్నారు. ఆ రోజు ఉర్దూ పేపర్లో మా పేట శిథిల భవనాల జాబితా వచ్చింది. వాన పెరిగితే కూలేలా ఉన్నాయి, వెంటనే ఖాళీ చేయాలని. క్యూలో ఒకాయన విషయం చెప్పి, గల్లీ పేర్లు వేలితో చూపించి రైలుకు పరుగెత్తాడు. ఇంటి నంబర్లు మాత్రం నేను చదవగలను. మా గల్లీది ఒకటే ఉంది: నాలుగు, పక్కన గుండ్రం. నలభై. ఖైరున్ ఆపా ఇల్లు.

"సున్ననా, ఐదా? చూసినవా?" అన్నారు బాపు.

"చూశాను" అన్నాను. చూడలేదు. చినుకులు పడుతున్నాయి, క్యూ తోసుకుంటోంది, పేపరు తడుస్తోంది. ఆయన ఆ రోజు మళ్లీ అడగలేదు. కన్ను నొప్పి పెడుతోందేమో. నేను బోర్డు మీద రాశాను: "40 నంబరు ఇల్లు కూలే జాబితాలో ఉంది. ఖాళీ చేయండి."

మధ్యాహ్నం ఇంట్లో, జాబితా కత్తిరించి దాచుదామని ఆ పేపరు మళ్లీ విప్పాను. కింది వరసలో పక్క గల్లీ ఇల్లు, ముప్పై. మూడు పక్కన చుక్క ఉంది. చుక్క! చుక్క సున్న అయితే పైన గుండ్రంగా ఉన్నదేమిటి? వెలుతురులోకి పట్టి చూశాను. సిరా పులుముకుని నొక్కు పూడిపోయింది, కానీ ఉంది. నలభై ఐదు. గల్లీ చివర ఎన్నేళ్లుగానో తాళం వేసి ఉన్న పాడుబడ్డ గోదాము.

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా దుకాణానికి పరుగెత్తి బాపుకు చెప్పాను. ఆయన పట్టీ లేని కన్ను నా వైపు తిప్పి, "నాకెందుకు చెప్తున్నవ్? ఇల్లు ఖాళీ చేసింది నేనా? ముందు ఆమె కాడికి పో" అన్నారు.

అప్పటికే ఖైరున్ ఆపా ఇంటికి తాళం ఉంది. గిన్నెలు, పరుపులు, లక్క కరిగించే పొయ్యి, అన్నీ ట్రాలీ ఆటోలో యాకుత్‌పురాలో చెల్లెలింటికి చేరాయి. మంచం పట్టిన అత్తగారిని మంచంతో సహా నలుగురు వానలో మోసుకెళ్లారట. నేను అక్కడికి చేరేసరికి ఆపా నేల మీద కూర్చుని, తడిసి అద్దాలు ఊడిపోయిన గాజులను ఏరుతోంది. పండగ దగ్గర్లో ఉంది. అవి లాడ్ బజార్‌కు ఇవ్వాల్సిన గాజులు. నేను చెప్పింది విని, చేతిలో గాజును పక్కన పెట్టింది.

"సిఫర్‌కు పాంచ్‌కు ఫరఖ్ తెలవదా నీకు? పెద్ద హిసాబ్‌వాలీ!" అంది, సున్నకూ ఐదుకూ తేడా తెలియని లెక్కలమనిషినట. "మా సాస్‌ను మంచం మీద మోసుకొస్తుంటే జారింది తెలుసా? పడితే ఎవరు? నువ్వా, నీ బోర్డా?"

మూల మంచం మీది అత్తగారు మాత్రం బోసినోటితో నవ్వింది. "దో సాల్ కే బాద్ సడక్ దేఖీ మై" అంది. రెండేళ్ల తర్వాత రోడ్డు చూసిందట. "చార్మినార్ దాకా తీసుకపోతే బాగుంటుండె" అని కూడా అంది. ఆపా నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ రాత్రికి వాళ్లు తిరిగి రాలేకపోయారు. మర్నాడు ఆ సామానంతా మోయడానికి నేనూ, మావారూ వెళ్లాం.

అంతకుముందే, పొద్దున్నే బాపు నాకు చాక్‌పీసు ఇచ్చారు. "నిన్న 40 అని రాశాం. తప్పు. 45" అని రాసి వినిపించాను.

"రాశాం ఏంది? ఎంతమంది రాసిండ్రు?"

"ఒక్కదాన్నే."

"మరి గట్లనే రాయి."

చెరిపి, నా పేరుతో రాశాను. చూడకుండానే చూశానన్నానని కూడా రాశాను. ఆయన గోడ పట్టుకుని లేచి, నా చేతిలో చాక్‌పీసు తీసుకుని, వంకర అక్షరాలతో కింద ఒక వరస చేర్చారు: "రెండోసారి అడగనిది పెంటయ్య."

మామూలుగా ఆయన తీర్పు ఒక్క రోజు ఉంటుంది. ఆ రెండు వరసలు ఏడు రోజులు ఉంచారు. ఏడు రోజులూ దాని ముందే గిన్నె పట్టుకుని నిలబడ్డాను. క్యూలో వాళ్లకైతే అది పండగే. "చెల్లె, నా క్యాన్ల సున్న లీటర్లా, ఐదు లీటర్లా?" అని ఒకడు. "వదిన అడుగులు లెక్కపెట్టినప్పుడు గుంతల పడ్డదా?" అని ఇంకొకడు. ఎనిమిదో రోజు బాపు బోర్డు తుడిపించి చాక్‌పీసు నా వైపు చాపారు.

"నేను రాయను బాపూ. నాకు అర్హత లేదు."

"ఎన్ని దినాలు రాసినవ్?"

మనసులో లెక్కపెట్టాను. "నూట అరవై దాకా."

"తప్పెన్ని?"

"ఒకటి."

"ఎన్నిట్ల ఎన్ని?"

"నూట అరవైలో ఒకటి." ఇన్నాళ్లూ ఆ ప్రశ్న వార్తలను నిలదీయడానికే అనుకున్నాను. మనిషిని లేపి నిలబెట్టడానికి కూడా పనికొస్తుందని అప్పుడు తెలిసింది. కానీ ఆయన అక్కడితో ఆపలేదు.

"నీకు నూట అరవైట్ల ఒకటి. ఖైరున్‌కు ఒక్కట్ల ఒకటి. గది మర్వకు. నా పేరు ఎట్ల వచ్చిందో తెలుసా? నా ముందు ముగ్గురు పుట్టి పోయిండ్రు. నన్ను పెంట మీద పెట్టి మల్ల ఎత్తుకున్నరు, గట్ల జేస్తే దక్కుతరని. నలుగుర్ల ఒక్కన్ని మిగిలిన. 'ఒక్కడన్న దక్కె గదా' అని ఎవలన్న అంటే నన్ను కన్న మా అవ్వ లేసి పోయేది. ఆమెకు పోయింది నలుగుర్ల ముగ్గురు గాదు బిడ్డా. ఒక్కొక్కడు ఒక్కట్ల ఒకడు." చాక్‌పీసు నా చేతిలో పెట్టారు. "ఇగ రాయి. ఆఫీసులోళ్లకు రైలు టైమైతుంది."

బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆ దుకాణం ఉన్నచోట ఇప్పుడు మొబైల్ ఫోన్లు బాగుచేస్తున్నారు. వార్తలకు మాత్రం కొదవ లేదు. రోజంతా ఫోనులో మోగుతూనే ఉంటాయి. అన్నీ "భారీగా", "వేలాదిగా", "అంతటా". కింద అంకె ఉన్నది పదింటిలో ఒకటి కూడా కనపడదు. నేను వాటితో గొడవ పడుతూనే ఉన్నాను, ఎక్కువగా వంటింట్లో. మావారు రిటైరయ్యారు కాబట్టి తప్పడానికి రైలు కూడా లేదు, పాపం వింటారు.

ఇడ్లీ పొట్లంతో ఇంటికి వస్తుంటే ఫోనులో వార్త మెరిసింది: "నీట మునిగిన పాతబస్తీ". మరుక్షణం అక్క ఫోను. "ఏమే, మునిగారా?" అంది. "మా గల్లీలో మడమల దాకా కూడా లేదక్కా. ఏ గల్లీలో, ఎంత లోతో రాయకుండా మునిగిందంటే ఎలా?" అని బాపులాగే అందుకున్నాను. అంతలో గుర్తొచ్చింది. గల్లీ పల్లంలో నలభై నంబరు ఇల్లు ఉంది. అక్కకు మళ్లీ చేస్తానని చెప్పి ఆ ఇంటికి ఫోను కలిపాను.

ఖైరున్ ఆపా ఇప్పటికీ నన్ను పేరుతో పిలవదు.

"బోలో పాంచ్" అంది.

"ఇంట్లోకి నీళ్లొచ్చాయా ఆపా?"

"నై నై. గడప దాకా వచ్చి ఆగినయ్. ఫికర్ నక్కో."

"సరే, వస్తున్నాను."

"క్యోం? చెప్పిన గదా, రాలేదని."

"చెప్పావు. మళ్లీ చూద్దామని."

ఫోనులో ఆమె నవ్వు వినిపించింది. నేను ఇడ్లీ పొట్లం మా గుమ్మంలో ఉన్న మావారి చేతికిచ్చి, చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, పల్లం వైపు నడిచాను.