మిస్త్రీ కాక కట్టిన తీగ

మొన్న బుధవారం పొద్దున జిమల్‌గట్ట బడిలో హాజరు తీసుకుంటుంటే మా ఊరు సిరోంచ నుంచి ఫోన్ వచ్చింది. "సారూ, మా మామ పోయిండు. పన్నెండింటికి ఎత్తుతం. వస్తవా?" మా మిస్త్రీ కాక అల్లుడి గొంతు. హాజరు సగంలోనే ఆపి, పిల్లల్ని తోటి టీచరుకు అప్పగించి బండి తీశాను. అప్పటి నుంచి ఇది రాసేదాకా నా మనసు ఒక్కచోట నిలవలేదు.

మీరెప్పుడైనా సిరోంచలో బండి బాగు చేయించుకుని ఉంటే కాకను ఎరిగే ఉంటారు. పానా పట్టకముందే అడిగేవాడు: "ఈ బండి యాడిదాకా పోతది?" ఊళ్లో తిరిగేదైతే పని చూసి పంపేసేవాడు. జిమల్‌గట్ట అనో, పాతగూడెం అనో, భామ్రాగడ్ అనో అంటే మాత్రం మేకుకు వేలాడే పాత క్లచ్ తీగల్లోంచి ఒకటి తీసేవాడు. దాన్ని సీటు లోపలి కొక్కేనికి ముడివేసి, వెనక మడ్‌గార్డు కిందికి దింపి, కొసను ఉంగరంలా చుట్టేవాడు. తాళం మొరాయించినా ఆ ఉంగరం లాగితే సీటు వచ్చేస్తుంది, దాని కింద దాచుకున్న పానాలు చేతికొస్తాయి. అడిగినా అడగకపోయినా కట్టేవాడు.

నాకది నచ్చలేదు. "గిట్ల ఎవడన్నా గుంజి తెరుస్తడు గద కాకా, ఇగ తాళమెందుకు?" అన్నాను.

"తెరిస్తే నీ రెయిన్‌కోటు పోతది, అంతే. అడవిల నీకే తెర్సుకోకపోతే ఏం జేస్తవ్?" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ.

నేను తొందర మనిషిని. సీటు బిగుసుకుంటే పైకి పీకడమే తెలుసు. కాక నా చేయి పక్కకు తోసేవాడు. "పీకకు సారూ. ముందుగాల నొక్కు. లోపల నువ్వు కుక్కిన సామాను సీటును మీదికి తోస్తాంది. కొక్కెం ఎట్ల ఇడుస్తది? జర సందియ్యి దానికి." అరచేయి ఆనించి నొక్కి తాళం తిప్పేవాడు. టక్కున వచ్చేది. గోండు రైతులకు గోండీలో, ఫారెస్టు వాళ్లకు మరాఠీలో ఇదే చెప్పేవాడు. మాలో చాలామందిమి వినలేదు, ఆయన చెప్పడం మానలేదు.

పోయిన ఎండాకాలం కొత్త సీటు కవరు వేయించాను. దాని కింద ఆ తీగ చూసి బడిలో "సారు బండికి తోక మొలిచింది" అని నవ్వారు. నాకు రోషం వచ్చింది. కటింగ్ ప్లేయరుతో తీగ కోసి పారేశాను. తర్వాత కాక దుకాణానికి ఎప్పుడు పోయినా బండి వెనక భాగం గోడకు ఆనించి నిలిపేవాణ్ని. "ఏంది సారూ, బండికి సిగ్గయితాందా?" అన్నాడొకసారి. అంతకుమించి అడగలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది.

బుధవారం సగం దారిలో, అడవి మధ్య, బండి ఆగిపోయింది. హారన్ లేదు, లైటు లేదు. ఫ్యూజు పోయిందన్నమాట. కొత్త ఫ్యూజులు, పానాలు, అన్నీ సీటు కిందే. సీటు తాళంలో చెవి తిప్పితే ఊరికే తిరిగింది, లోపల తాళానికుండే తీగ జారిపోయింది. టైము పదిన్నర దాటింది. పీకాను, గుద్దాను, కాలితో తన్నాను. తిట్టాను కూడా, ఎవర్నో నాకే తెలియదు.

వెనక నుంచి వస్తున్న ఒక గోండు పెద్దాయన తన బండి ఆపి దిగాడు. నేరుగా నా మడ్‌గార్డు కింద చేయి పెట్టి వెతికాడు.

"మిస్త్రీ తీగ ఏది సారూ?"

"కోసేసిన."

ఆయన తన బండికున్న ఉంగరం లాగి, సీటెత్తి, పానాలు తెచ్చాడు. నా బండి పక్కమూత విప్పి, లోపల జారిన తీగ కొసను పట్టకారుతో పట్టుకోమన్నాడు. "నువ్వు గుంజు, నేను నొక్కుత" అని రెండు అరచేతులూ సీటు మీద ఆనించాడు. అచ్చం కాకలాగే. సీటు ఊడొచ్చింది. లోపల రెయిన్‌కోటు, దాని మీద పిల్లల పరీక్ష కాగితాలు, ఊపిరాడకుండా కుక్కి ఉన్నాయి.

ఫ్యూజు మారుస్తూ, "యాడికి పోతున్నవ్ దాదా?" అని అడిగాను.

"మిస్త్రీ కాడికే" అన్నాడు. నా మూలంగా ఆయనకూ ఆలస్యమైంది.

ప్రాణహిత ఒడ్డుకు చేరేసరికి చితి అంటుకుంది. కాక ముఖం చూడలేకపోయాను. తీగ కోసిన మాట ఆయన బతికుండగానే చెప్పేస్తే ఒక నవ్వుతో పోయేది, ఇప్పుడు ఎవరికి చెప్పను? ఇసుకలో బండ్లు వరుసగా నిలిపి ఉన్నాయి, చాలావరకు అడవి ఊళ్లవే, వెనక భాగాలు నది వైపుకు, చితికి ఎదురుగా. వాటి మడ్‌గార్డుల కింద ఒక్కో తీగ ఉంగరం ఎండకు మెరుస్తోంది. అలవాటు కొద్దీ నా బండి ఆనించడానికి గోడ కోసం చూశాను. నది ఒడ్డున గోడ ఎక్కడిది? ఆ వరుస చివర, తీగ లేని వెనక భాగం కాక వైపే పెట్టి నిలిపాను.