గుమ్మటం పరుగు

పరుపుల షాపులో అతన్ని అందరూ గుమ్మటం అనేవారు. ఆ పేరు పెట్టింది ఓనరే. కోపంతో పెట్టిన పేరు కాదు, వ్యాపారానికి పనికొచ్చే పేరు. కొత్తగా పెళ్ళయిన జంట ఎవరైనా వచ్చి, పరుపును అరచేత్తో నొక్కి చూస్తూ, "కొన్నాళ్ళకి గుంట పడదు కదండీ?" అని అడిగితే చాలు, ఓనరు కౌంటర్ వెనకనుంచి కేకేసేవాడు.

"గుమ్మటం! ఒకసారి వచ్చి పడుకో."

అతను బూట్లు విప్పి, సాక్సుకున్న చిల్లు కనబడకుండా కాలివేళ్ళు ముడుచుకుని, పరుపు మీద వెల్లకిలా పడుకునేవాడు. అటు దొర్లమంటే అటు, ఇటు దొర్లమంటే ఇటు. పడుకోవడం సులువే. లేవడమే గండం. పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద బరువంతా వేసి, మూలుగు బయటికి రాకుండా లేచేసరికి చొక్కా పైకి జరిగి పొట్ట బయటపడేది. పరుపు మెల్లగా ఉబ్బి మళ్ళీ చదునయ్యేది.

"చూశారా! మా గుమ్మటాన్ని మోసిన పరుపు మిమ్మల్ని మొయ్యదా?" అనేవాడు ఓనరు.

అందరికంటే ముందు నవ్వేది అతనే. ముందు తనే నవ్వేస్తే అవతలివాళ్ళ నవ్వు అంతగా గుచ్చుకోదని బడిలో ఉన్నప్పుడే నేర్చుకున్నాడు.

ఒక సాయంత్రం అతను అలా పరుపు మీద ఉండగానే కూతురు షాపులోకి వచ్చింది. ఇంటి తాళంచెవి మర్చిపోయి, తీసుకుపోదామని వచ్చింది. పక్కన ఒక స్నేహితురాలు.

"అమ్మో, ఎంత లావున్నాడే! ఎవరే ఆయన?" అంది ఆ పిల్ల.

"ఏమో, నాకేం తెలుసు?" అంది కూతురు.

ఇద్దరూ బయటికి వెళ్ళిపోయారు. తాళంచెవి అతని జేబులోనే ఉండిపోయింది. అతను పైకప్పుకేసి చూస్తూ, ఓనరు లెమ్మన్నా లేవకుండా కాసేపు అలాగే పడుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర కూతురు తల ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు. పిల్ల మీద కోపం రాలేదతనికి. తనను చూసి తన బిడ్డ అలా అనవలసి వచ్చిందే అని సిగ్గేసింది.

తర్వాత కొద్ది రోజులకే భార్యను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. పొట్టను చిన్న సంచిలా చేసి, పేగును దానికి కలిపే ఆపరేషన్. చేయించుకున్నాడు. బయట మాత్రం గాల్ బ్లాడర్‌లో రాళ్ళు తీయించుకున్నానని చెప్పాడు. దానికో కారణం ఉంది. అంతకు ముందెప్పుడో టీవీలో ఇలాంటి ఆపరేషన్ గురించి చూపిస్తుంటే, అతని బావమరిది సోఫాలో కాళ్ళు చాపుకుని, "చేతగానివాళ్ళు చేసే పని బావా ఇది. నోరు కట్టేసుకుంటే పోయేదానికి కడుపు కోయించుకుంటారా ఎవరైనా?" అన్నాడు. అప్పుడు అతనూ అవునన్నట్టు తలూపాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

"అమ్మాయికైనా చెబుదామండీ," అంది భార్య.

"ఇప్పుడే వద్దు," అన్నాడు. ఆ 'ఇప్పుడే' అలా సాగుతూ పోయింది.

మనిషి కరిగిపోసాగాడు. ముందు మెడ బయటపడింది, తర్వాత చెంప ఎముకలు. షాపులో ప్రతివాడూ, "ఎలా తగ్గావయ్యా?" అని అడిగేవాడే. మొదటిసారి నోటికొచ్చింది చెప్పాడు: "పొద్దున్నే నడక. నోరు కట్టుకున్నాను. అంతే." అడిగినవాడు అతని భుజం తట్టాడు. ఆ తట్టడం ఎంత హాయిగా ఉందంటే, రెండోసారి అదే మాట మరికాస్త గట్టిగా చెప్పాడు.

నడక మాత్రం అబద్ధం కాదు. నిజంగానే తెల్లవారుతూనే నడిచేవాడు. నడక మెల్లగా పరుగైంది. వదులైపోయిన చర్మం చొక్కా కింద ఊగకుండా పొట్టకు వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ బిగించుకుని, ఖాళీ వీధుల్లో పరిగెత్తేవాడు. ఊపిరి అందుతోందన్న సంగతికే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఇంటికి రాగానే కూతురు నీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. "మా నాన్న పట్టుదల చూశారా" అని బళ్ళో అందరితో చెప్పుకుంటోందని భార్య చెప్పినప్పుడు, తాగుతున్న నీళ్ళు సగంలోనే కింద పెట్టేశాడు.

షాపు పై అంతస్తులో కర్టెన్లు కుట్టే ఆవిడ ఉండేది. అందరికీ ఆవిడ కర్టెన్లక్క. లావుగా ఉండేది. మోకాళ్ళు పట్టేసి, మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కేది. ఇదివరకు మధ్యాహ్నం ఇద్దరూ దిండ్ల గదిలో కూర్చుని కలిసి తినేవారు. "మనిద్దరం ఒకే వైపు కూర్చుంటే షాపు ఒరిగిపోతుంది తమ్ముడూ," అని ఆవిడ అంటే ఇద్దరూ పగలబడి నవ్వేవారు. ఆ నవ్వులో మాత్రం అతనికి ఎప్పుడూ ముల్లు తగల్లేదు.

ఆవిడ ఒకరోజు అతని డబ్బాలోకి తొంగి చూసి, "నువ్వు తినేదే నేనూ తింటాను. నీకు చేతనైంది నాకు చేతకాదా?" అంది.

అతను అప్పుడే చెప్పి ఉండవలసింది. డబ్బా మూత పెట్టేశాడు.

ఆవిడ అతనిలాగే నాలుగు చెంచాలు తిని డబ్బా మూసేసేది. అతనికి నాలుగు చెంచాలతో కడుపు నిండిపోయేది. ఆవిడకు నిండేది కాదు. సాయంత్రానికి మిషను మీద చేతులు వణికేవి. కుట్టు వంకర పోయి ఓనరుతో మాటలు పడేది. వారాలు గడిచినా బరువు కిలో కూడా తగ్గలేదు. ఒకరోజు కర్టెన్ గుడ్డ భుజాన వేసుకుని దిగుతూ, కళ్ళు తిరిగి మెట్ల మీద కూలబడింది.

అతను నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ ఏడుపు మొహంతో, "నా వల్ల కావట్లేదు తమ్ముడూ. నాలో ఏదో లోపం ఉంది," అంది.

పక్కన ఓనరు నిలబడి ఉన్నాడు. మిగతా పనివాళ్ళూ చుట్టూ చేరారు. అతను అన్నాడు: "పట్టుదల ఉండాలక్కా. మధ్యలో వదిలేస్తే ఎలా?"

ఆ మాట తన నోటినుంచే వచ్చిందంటే అతనికే నమ్మబుద్ధి కాలేదు. రాత్రి పక్క మీద దొర్లుతూ దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. మర్నాడు పొద్దున చెప్పేద్దామనుకున్నాడు. మర్నాడు ఆవిడే ఎదురొచ్చి, "నువ్వన్నది నిజమే. మళ్ళీ మొదలుపెడతాను," అంది. అతను సరేనని తలూపాడు.

ఇంతలో ఆ వీధి దుకాణాలవాళ్ళంతా కలిసి ఐదు కిలోమీటర్ల పరుగు పోటీ పెట్టారు. ఓనరుకు ఇంతకంటే మంచి అవకాశం ఏముంది? గుమ్మటం పాత ఫొటో ఒకటి, కొత్త ఫొటో ఒకటి పక్కపక్కన వేయించి, కింద 'పట్టుదల ఉంటే చాలు' అని రాయించి, షాపు ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. అతను పనిలోకి వెళ్ళేటప్పుడు అటు చూడకుండా, ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ లోపలికి దూరేవాడు. కర్టెన్లక్క కూడా తన పేరు ఇచ్చింది. నడిచైనా పూర్తి చేస్తానంది.

పరుగు రోజు ఆదివారం. షాపు పేరున్న చొక్కా తొడుక్కుని అతను వెళ్ళేసరికి మనుషులు గుంపులుగా ఒళ్ళు విరుచుకుంటున్నారు. విజిల్ వేశారు. మొదటి మలుపు దాకా అతనికి లోకం గుర్తులేదు. కాళ్ళు వాటంతటవే పోతున్నాయి. పాల బూత్ దాటాడు, పోస్టాఫీసు దాటాడు. ఎవరో మేడమీదనుంచి చప్పట్లు కొట్టారు. ఆ కాసేపూ అతను ఎవరికీ ఏమీ దాచిపెట్టిన మనిషి కాదు.

సగం దారిలో నీళ్ళ బల్ల. దాని పక్కన ఓనరే నిలబడి ఉన్నాడు, కెమెరావాణ్ణి పక్కన పెట్టుకుని. చేతిలో చల్లటి నారింజ రంగు తీపి పానీయం, పెద్ద గ్లాసు.

"గుమ్మటం! ఇటు చూసి తాగు. ఒక్క గుక్కలో!"

తీపి నీళ్ళు గటగటా తాగకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ప్రాణం పోదుగానీ పోయినట్టే ఉంటుందన్నాడు. వద్దంటే ఓనరు ఎందుకని అడుగుతాడు. అతను కెమెరాకేసి నవ్వి గ్లాసు ఖాళీ చేశాడు.

తర్వాతి వీధి కూడా దాటలేకపోయాడు. గుండె దడదడలాడింది. ఒళ్ళంతా చల్లటి చెమట. కడుపులో పేగులు మెలితిప్పినట్టు నొప్పి. మూసివున్న ఒక షట్టరు ముందు కూలబడి, రోడ్డు పక్కనే వాంతి చేసుకున్నాడు. పరిగెత్తేవాళ్ళు చూసీ చూడనట్టు పక్కకు తప్పుకుని పోతున్నారు. ఒక పెద్దాయన మాత్రం ఆగి అంబులెన్సుకు ఫోను చేశాడు.

అందరి వెనక, కాలీడ్చుకుంటూ వస్తున్న కర్టెన్లక్క అతన్ని చూసి, మోకాళ్ళ సంగతి మరిచిపోయి పరిగెత్తుకొచ్చింది.

"తమ్ముడూ! ఏమైందిరా నాన్నా? ఇటు, నా ఒళ్ళో తల పెట్టుకో."

పక్కన కూర్చుని కొంగుతో అతని మూతి తుడిచింది. అంబులెన్సులో వచ్చిన నర్సమ్మాయి అతని నాడి చూస్తూ, "ఇంతకుముందు ఏమైనా ఆపరేషన్లయ్యాయా సార్?" అంది.

"లేదు," అన్నాడతను.

"అయ్యిందమ్మా, గాల్ బ్లాడర్‌లో రాళ్ళు తీశారు. మర్చిపోయినట్టున్నాడు పాపం," అంది కర్టెన్లక్క.

నర్సమ్మాయి చొక్కా పైకెత్తి పట్టీ వదులు చేసింది. మడతలు పడి వేలాడుతున్న చర్మం, చిన్న చిన్న మచ్చలు. ఒక క్షణం చూసి గొంతు తగ్గించింది. "నిజం చెప్పండి సార్. దాన్ని బట్టే నేను ఏదైనా చెయ్యాలి. ఇది దేనికి చేశారు?"

అతను కళ్ళు మూసుకున్నాడు. "పొట్టకి బైపాస్. లావు తగ్గడానికి."

"హమ్మయ్య. తీపి ఏదైనా తాగుంటారు, అదే ఇది. గుండె కాదు, భయపడకండి. కాసేపు పడుకుంటే తగ్గిపోతుంది." ఆ అమ్మాయి కర్టెన్లక్క వైపు తిరిగింది. "మంచి ఆపరేషనేనండీ. చాలామంది చేయించుకుంటున్నారు. కాస్త జాగ్రత్తగా ఉండాలంతే."

అతని తల కింద ఉన్న ఒడి బిగుసుకుపోయినట్టు అతనికి తెలిసింది.

"ఎప్పుడు?" అంది ఆవిడ.

"రాళ్ళని చెప్పానే, అప్పుడు."

"అంటే నేను మెట్ల మీద పడిపోయిన రోజుకి..."

"అయిపోయిందక్కా."

ఆవిడ అతని తలను జాగ్రత్తగా ఎత్తి, మడిచిన తువ్వాలు మీద పెట్టింది. షట్టరు పట్టుకుని లేచి నిలబడింది.

"మీరు నెమ్మదిగా రండి," అని, మిగిలిన దారి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మీరు. ఇన్నేళ్ళలో ఆవిడ అతన్ని ఎప్పుడూ అలా పిలవలేదు. కడుపునొప్పి కాసేపటికి తగ్గింది. ఆ పిలుపు మాత్రం లోపల గుచ్చుకుని అలాగే ఉంది.

నర్సమ్మాయి అంబులెన్సులో దింపుతానంది. వద్దని, అతను నడిచాడు. పరుగు ముగిసే చోటికి చేరేసరికి గాలి నింపిన తోరణాన్ని దించేస్తున్నారు. భార్య ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. కూతురు చప్పట్లు కొడుతోంది. ఓనరు మైకు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "చెప్పు గుమ్మటం! నీ రహస్యమేంటో పదిమందికీ చెప్పు!"

కాస్త దూరంలో కుర్చీలో కూర్చుని కర్టెన్లక్క మోకాలు రుద్దుకుంటోంది. ఇటే చూస్తోంది. అతను మైకు నోటి దగ్గరికి తెచ్చాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చాలు. "తర్వాత చెప్తాను," అని మైకు ఇచ్చేశాడు. ఆవిడ మొహం తిప్పుకుంది.

ఆ సాయంత్రం కూతురికి చెప్పాడు. ఆ పిల్ల గోళ్ళు చూసుకుంటూ, "మరి బళ్ళో అందరికీ చెప్పేశాను కదా నాన్నా. ఇప్పుడేం చెప్పను?" అంది. ఆపరేషన్ సంగతికి ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. తనచేత అందరికీ అబద్ధం చెప్పించాడని మాత్రం రెండు రోజులు ముభావంగా ఉంది.

మర్నాడు పనివాళ్ళంతా ఉండగా షాపులో చెప్పాడు. ఏదీ దాచకుండా పూర్తిగా చెప్పాడు. "పోనీలే, ఎవడికి తెలుసు? ఫ్లెక్సీ ఈ నెలంతా ఉండనీ," అన్నాడు ఓనరు. అతను ఒప్పుకోలేదు. స్టూలు తెచ్చుకుని తనే తాళ్ళు విప్పి దించాడు. పనివాళ్ళు కొందరు నవ్వారు. కడుపు కోత దాచి కబుర్ల కోతలు కోశాడని, ఆ వారంలోనే గుమ్మటం పోయి కోతలరాయుడు అయ్యాడు. ఈసారి అతను అందరికంటే ముందు నవ్వలేకపోయాడు.

తర్వాత పైకి వెళ్ళాడు. కర్టెన్లక్క మిషను ఆపలేదు.

"తప్పయిపోయిందక్కా."

"ఆపరేషన్ చేయించుకోవడం తప్పు కాదు. చెప్పకపోవడం కూడా మీ ఇష్టం." గుడ్డ చివర మడిచి సూది కిందకు తోసింది. "కానీ నాలో లోపముందని ఏడుస్తుంటే, ఉందన్నారు చూడండి. తిండి మానేసి, మీ మాట పట్టుకుని ఇన్నాళ్ళు నన్ను నేనే తిట్టుకున్నాను. అద్దంలో నా మొహం చూసుకోలేకపోయాను."

అతను నిలబడ్డాడు. కూర్చోమని ఆవిడ అనలేదు. అతను కిందికి దిగొచ్చాడు.

చాలా వారాల తర్వాత, షాపు మూసే వేళకి ఆవిడే అతని దగ్గరికి వచ్చింది. "రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. అలాంటి ఆపరేషన్ నాకు కుదురుతుందేమో కనుక్కుందామని. మీ ఆవిడని కాస్త తోడు పంపుతారా?"

"నేనొస్తానక్కా. నాకన్నీ తెలుసు కదా."

"వద్దు. ఆవిడ చాలు."

మర్నాడు భార్య ఆవిడతో వెళ్ళింది. అతను షాపులోనే ఉండి, ఒక ముసలాయనకు ఎత్తు తక్కువ దిండ్లు చూపిస్తూ, మధ్యమధ్యలో గాజు తలుపుకేసి చూస్తూ గడిపాడు. సాయంత్రం ఇద్దరూ తిరిగొచ్చారు. కర్టెన్లక్క నేరుగా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

"డాక్టరు ఏమన్నాడు?" అని అతను భార్యను అడిగాడు.

"ఆవిడ చెప్పొద్దందండీ," అంది భార్య.

అతను తలూపి, ముసలాయన వద్దన్న దిండ్లను ఒక్కొక్కటే అరలోకి సర్దాడు.