గొంతు విప్పని ఎండాకాలపు చదువు

ఏప్రిల్ సగం దాటగానే మనవరాలి బడి వాళ్ళు మా అమ్మాయి ఫోనుకు ఒక సందేశం పంపించారు. సెలవుల్లో పిల్లలు చదివింది మరిచిపోకుండా ఇంట్లో రోజూ కొన్ని పేజీలు పైకి చదివించాలట, పెద్దవాళ్ళెవరైనా పక్కన కూర్చుని వినాలట. మా అమ్మాయి పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు గానీ రాదు కాబట్టి, ఆ పెద్దవాళ్ళెవరో వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగమంతా చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించడంలోనే గడిపినదాన్ని, నాకిది కొత్తా? తీరా పిల్ల పుస్తకం తెచ్చుకుని నా మంచం పక్కన చాప మీద కూర్చుంది గానీ ఒక్క మాట పైకి రాదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. గట్టిగా చదవమంటే, "గట్టిగా యాల అవ్వా, నాకు అర్థమైతాండాది గదా" అని విసుక్కుంది. ఆ కదిలే పెదవులను చూస్తూ చూస్తూ నేను మా కోరమండల్ లైన్లలోకి, బంగారు గని పనివాళ్ళ ఇళ్ళ వరసల్లోకి వెళ్ళిపోయాను. మగవాళ్ళు గనిలోకి దిగిన ఇళ్ళల్లో పుట్టి పెరిగిన నా ఈడువాళ్ళకు ఆ చదువు ఎలాంటిదో చెబితే వెంటనే గుర్తొస్తుంది.

మా నాయనది బేతమంగళ పక్కన పల్లె. రాగులు పండే కాస్త నేల అన్నదమ్ములందరికీ చాలక, పెళ్ళైన కొత్తలోనే గని పనికి వచ్చి లైనింట్లో కాపురం పెట్టాడు. లైనిల్లు అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను, ఒకే కప్పు కింద వరసగా ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య తడిక మీద మట్టి మెత్తిన గోడ, పైన రేకులు. పక్కింట్లో పోపు వేస్తే మనకు తుమ్ము వచ్చేది, వాళ్ళ మొగుడూ పెళ్ళాలు గొడవపడితే మన ఇంట్లో అన్నం తినేవాళ్ళు ముద్ద చేతిలో పెట్టుకుని వినేవాళ్ళు. అలాంటి చోట నైట్ షిఫ్టు ముగించుకుని తెల్లవారి వచ్చిన మగవాళ్ళు, ఇంత సంగటి తిని, తడిపిన గోనెపట్టాలు కప్పుకుని, నిప్పుల్లా కాగే రేకుల కింద పగలంతా నిద్రపోవాలి. బడి ఉన్న నెలల్లో ఎలాగో జరిగిపోయేది. ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మాత్రం ఆడవాళ్ళ గుండెల్లో రాయి పడేది. గోలీలు, బొంగరాలు, కొట్లాటలు, ఏడుపులు, ఇంతమంది పిల్లలను ఎక్కడ దాస్తారు? ఎదురుగా, బంగారం తీసేశాక మిగిలిన విషపు మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీదికి పోయి ఆడుకుంటే ఇంకో భయం. నిద్ర చాలని మనిషి భూమి లోపలికి దిగితే చెయ్యి ఒకచోట, కన్ను ఒకచోట ఉంటుందని మా అమ్మ ఎప్పుడూ అనేది. నాయన పడుకున్నాడంటే ఆమె గిన్నెలు కూడా ఇసుకలో చప్పుడు కాకుండా రుద్దేది.

నేను నాలుగో తరగతి ముగించిన ఎండాకాలం, మా వరస చివరి ఇంట్లో ఉండే మామ గని లోపల రాయి తొలిచే మిషన్ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే తూలి, పాదం నలగగొట్టుకుని వచ్చాడు. ఆయన పెళ్ళాం, మేమంతా అత్తా అని పిలిచే మనిషి, వీధిలో నిలబడి పిల్లలనూ పిల్లలను కన్నవాళ్ళనూ కలిపి తిట్టింది. "నిన్న పగలంతా కన్ను మూయనిచ్చినారా ఆ మనిషిని? మీ పిల్లోళ్ళ ఆటలకి మా ఇంటి దీపం ఆరిపోతే యెవురమ్మా పలికేది?" అని ఆమె గుండెలు బాదుకుంది. ఆ సాయంత్రం మా ఇంటి ముందు ఆడవాళ్ళంతా తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు మా అక్క, అప్పటికి పరికిణీ తప్ప ఇంకా ఓణీ ఎరగని పిల్ల, నేను చూసుకుంటాను పిల్లోళ్ళను, పొద్దు వాలేదాకా ఒక్క సద్దు రానివ్వను అని లేచి చెప్పింది.

అక్కకు ఎందుకంత తెగువ వచ్చిందో నాకు తెలుసు. ఆ ఏడే అక్క ఏడో తరగతి పాసయ్యింది. మా లైన్ల దగ్గరి బడి అంతటితో సరి, ఎనిమిదికి రాబర్ట్‌సన్‌పేట హైస్కూలుకు పోవాలి. మా లైనులో అంతవరకు ఏ ఆడపిల్లా పోలేదు. అక్క అడిగితే నాయన కాదనలేదు, అవుననీ అనలేదు. "సెలవులు కానీయమ్మా, చూస్తాం" అన్నాడు. ఆ చూస్తాం అన్నమాటే అక్కకు దేవుడిచ్చిన వరం అయిపోయింది. అమ్మ సంతలో నీలం లంగా గుడ్డ కూడా కొనిపెట్టింది, హైస్కూలు పిల్లలు వేసుకునే రంగు. మగవాళ్ళందరికీ కడుపునిండా నిద్ర దొరికితే, లైనంతా తనను మెచ్చుకుంటే, నాయన మనసు మెత్తబడుతుందని, జూన్‌లో తన చెయ్యి పట్టుకుని హైస్కూలుకు తీసుకుపోతాడని అక్క లెక్క. రాత్రి నా పక్కన పడుకుని హైస్కూల్లో ఏమేమి చెబుతారో, ఏ బస్సులో పోవాలో, తిరిగొచ్చి నాకేమేమి నేర్పుతుందో చెబుతూనే నిద్రపోయేది.

మరునాటి నుంచి మా ఇంటి వరండా బడి అయ్యింది. అక్క ఇల్లిల్లూ తిరిగి చిరిగిన పాఠపుస్తకాలన్నీ గోనెసంచిలో పోగుచేసుకొచ్చింది. అందులో కన్నడం ఉంది, తమిళం ఉంది, కుప్పం నుంచి మా మేనమామ తెచ్చిన తెలుగు వాచకాలు ఉన్నాయి. ఎవరికి ఏది చేతికందితే అది, రానివాడు వచ్చినవాడి పక్కన కూర్చోవాలి. ఒక్కటే కట్టుబాటు, గొంతు పైకి రాకూడదు. మనకు చదువంటే గొంతెత్తి పాడడమే కదా, ఎక్కాలైనా పద్యాలైనా వీధి చివరికి వినపడితేనే పిల్లవాడు చదువుతున్నట్టు. అక్క దాన్ని మొత్తం తిరగేసింది. పెదవులు కదపాలి, చప్పుడు రాకూడదు. చదివింది అర్థమైందో లేదో తెలుసుకోవడానికి ఆమె పలక మీద ప్రశ్న రాసి చూపించేది, మేము పలక మీదే జవాబు రాసి ఎత్తి చూపించాలి. బలపాలు కీచుమంటాయని ముందురోజే వాటిని చెంబులో నీళ్ళు పోసి నానబెట్టేది. ఎవరి పెదవులు కదలడం లేదో దూరం నుంచే కనిపెట్టి, వచ్చి నెత్తిన చిన్నగా మొట్టేది. గాలి రేగినప్పుడల్లా దిబ్బ మీది సన్నని దుమ్ము వచ్చి పుస్తకాల మీద పరుచుకునేది, మేము దాన్ని ఊదకుండా చేత్తో తుడుచుకుని మళ్ళీ చదువుకునేవాళ్ళం. ఎవరైనా వచ్చి చూస్తే ఇంతమంది పిల్లలకు ఒక్కసారిగా నోళ్ళు పడిపోయాయని హడలిపోయేవాళ్ళు.

నవ్వొచ్చే కథలతోనే చిక్కు. అత్తను ఏమార్చిన కోడలి కథ ఒకటి ఉండేది, అది చదువుతుంటే నాకు ఆగేది కాదు, లంగా కుచ్చిళ్ళు నోట్లో కుక్కుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేదాన్ని. అక్కకూ నవ్వొచ్చేది. ఆమె మూతి బిగించుకుని రేకుల వైపు చూస్తూ నిలబడిపోయేది. ఆ ఎండాకాలం మా వరసలో పగటిపూట వినపడినవల్లా గోడల అవతలి గురకలే. వాటిని వింటూ మా అమ్మ ముఖం ఎంత నిమ్మళంగా ఉండేదో చెప్పలేను. పాదం నలిగిన మామ పెళ్ళామే వచ్చి అక్క బుగ్గలు పుణికి, పనసతొనలు పెట్టి పోయింది. అన్నట్టు, జూన్‌లో మా చిన్నబడి తెరిచాక ఇంకో విచిత్రం జరిగింది. టీచరమ్మ లేచి చదవమంటే మా లైను పిల్లలందరం లేచి నిలబడి పెదవులు మాత్రం కదిపాం! మొండికేస్తున్నామనుకుని ఆమె బెత్తం తీసింది. గొంతు యాడ పెట్టి వచ్చినారో అడగండి అని ఇళ్ళకు కబురు కూడా పంపింది. ఇది చెప్పి మేము పెద్దయ్యాక ఎన్నిసార్లు నవ్వుకున్నామో.

కానీ ఆ జూన్‌లో మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. హైస్కూలు తెరిచే ముందు ఆదివారం నాయన వీధిలో కూర్చుని ఉండగా అక్క తల దువ్వుకుని, ఎదురుగా నిలబడి అడిగింది. నాయన నోరు తెరవకముందే చుట్టుపక్కల ఆడవాళ్ళు అందుకున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అక్కను ప్రాణంగా చూసుకున్నవాళ్ళే. "నువ్వు పేటకి పోతే ఈ చిన్న పిల్లోళ్ళని యెవురు పట్టుకుంటారమ్మా? బడికి పోనోళ్ళు ఇంటింటికీ ఉండారు. మా ఆయన ఇట్లా నిద్రపోయి యెన్నేండ్లైందో తెలుసునా?" అని ఒకామె అంటే, నీ చేతి మహిమ ఇంకెవరికి వస్తుందని ఇంకొకామె. అంతా పొగడ్తలే. అక్క వాళ్ళందరి ముఖాల్లోకి చూసి చివరికి నాయన వైపు చూసింది. నాయన తువ్వాలుతో మెడ తుడుచుకుని, "వచ్చే యేడు చూస్తాం లేమ్మా. నువ్వుంటే మాకు ధైర్యంగా ఉండాది" అన్నాడు. తాను ఏ పని చేస్తే బడికి పంపుతారని అక్క అనుకుందో, ఆ పని మరీ బాగా చేసినందుకే ఆమెను ఉంచేసుకున్నారు. అక్క ఏడవలేదు. లోపలికి పోయి, చెంబులో నానబెట్టిన బలపాలు తీసి ఎండలో ఆరబెట్టింది.

వచ్చే ఏడు వచ్చింది, దాని తరవాతి ఏడూ వచ్చింది. ప్రతి ఎండాకాలం వరండా నిండేది, ప్రతి జూన్‌లో వరండా ఖాళీ అయ్యి చంటిపిల్లలతో అక్క మిగిలేది. నీలం గుడ్డ మడత విప్పకుండా పెట్టెలోనే ఉండి, నేను ఏడు పాసయ్యేసరికి నా కొలతలకు కుట్టించారు. అప్పటికి కాలం కాస్త మారి, మా లైను నుంచి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు కూడా పేటకు పోతున్నారు, నన్ను ఆపాలని ఎవరికీ తోచలేదు. నేను ఎనిమిదో తరగతి పుస్తకాలతో ఇంటికి వచ్చిన రోజు అక్క చేతులు కడుక్కుని వచ్చి వాటిని ఒడిలో పెట్టుకుంది. ఎవరూ పడుకుని లేరు, నాయనది ఆ వారం పగటి షిఫ్టు. అయినా అక్క పెదవులు మాత్రమే కదిపింది. లెక్కల పుస్తకంలో అంకెలకు బదులు అక్షరాలు వచ్చేసరికి ఆమె పెదవులు ఆగిపోయాయి. ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇది నాకు చెప్తావా పాపా?" అని గుసగుసగా అడిగింది. అంతవరకు నాకు అన్నీ చెప్పింది తనే. చెప్పాను, నాకు వచ్చినంతవరకు. కానీ వంటా నీళ్ళూ పిల్లలూ ఆమెను కూర్చోనిచ్చింది లేదు, నాలుగు నాళ్ళకే అది ఆగిపోయింది.

అక్కను పట్టుపురుగులు మేపుకునే ఇంటికి ఇచ్చారు. మంచివాళ్ళే, తిండికి లోటు లేదు, మల్బరీ ఆకు కోతలతో రేయింబవళ్ళు చాకిరీ. నేను టీచరు ట్రైనింగు చేసి ఉద్యోగంలో చేరాను. నాయన పని విరమించే నాటికి గని దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుంది, పడుకుంటే దగ్గు, కూర్చుంటే ఆయాసం. జీవితమంతా పగటి నిద్ర కోసం తపించిన మనిషికి పగలూ లేదు, రాత్రీ లేదు. ఒక ఎండాకాలం అక్క పిల్లలను తీసుకుని వచ్చింది. ఆ పిల్లలు వరండాలో పుస్తకం పెట్టుకుని గొంతెత్తి చదువుతుంటే నాయన గోడకు ఆనుకుని వింటూ వింటూ ఉన్నట్టుండి, "ఆ యేడు నిన్ను బడికి పంపించింటే బాగుండునమ్మా" అన్నాడు. అక్క ఆయన వీపు నిమురుతూ, "పోనీలే నాయినా, మీరంతా నిద్రపోయినారు గదా" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది. నాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

నాయన పోయాడు, గని మూతపడింది, కొన్నేళ్ళ కింద అక్కా పోయింది. లైన్లలో ఇప్పుడు పగలు నిద్రపోయేవాళ్ళెవరూ లేరు, పిల్లలు ఎంత అరిచినా ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. బడికి పంపమని ఆడపిల్ల ఎవరినీ బతిమాలనక్కర్లేదు, ఇంట్లో చదివించండని బడివాళ్ళే మనల్ని బతిమాలుతున్నారు. నా మనవరాలు నిన్న క్యాలెండరు చూసి, అప్పుడే బడి తెరిచేస్తారా అని మూతి ముడుచుకుంది. దాన్ని కోప్పడలేకపోయాను, దానికేం తెలుసు! మా ఇళ్ళకు ఇన్నాళ్ళకు అన్నీ వచ్చాయి, మా అక్కకు రావలసిన ఆ ఒక్క జూన్ నెల తప్ప.