వర్జ్యం చూసి తుడిచేసిన కేలండర్

ఇప్పుడంటే ఇక్కడ నొక్కితే అక్కడ కబురు చేరిపోతోంది గానీ, కన్నలూ, కబురు దారిలోనే మాయమైపోయే రోజులు నేను చూశాను. చూడటమేమిటి, దాని వెనకాల పరిగెత్తాను. అప్పటికి మీ అమ్మ కాలేజీలో ఉంది. నేను గూడెం టౌనులో కంప్యూటర్ కోర్సు చదివి, ఆకివీడులో ఒక చేపల వ్యాపారి ఆఫీసులో కొత్తగా చేరాను. (నా జుట్టు అప్పుడు నల్లగానే ఉండేది, కావాలంటే అమ్మనడగండి.)

మా యజమానిని చాటున పంచాంగం గారు అనేవాళ్ళం. ఏ చెరువులో ఎప్పుడు చేపలు పట్టాలో ఆయన నెట్టులో ఉండే కేలండర్‌లో పెట్టేవారు. ఆ పట్టుబడి కింద లారీకి ఎంత ఐసు కావాలో, ఏ గట్టు మీదుగా రావాలో లారీవాళ్ళు చూసుకునేలా కామెంటుగా పడాలి. ఆ కామెంట్లు ఆఫీసు నుంచి వాటంతటవే వెళ్ళేలా ప్రోగ్రాం రాసింది నేనే. ఏపీఐ అంటారు, రేషన్ షాపు కిటికీ లాంటిదనుకోండి. నంబరు చెబితే సరుకిస్తారు, నంబరు తప్పితే లేదు పొమ్మంటారు. మా ప్రతి పట్టుబడికీ కేలండర్ అలా ఒక నంబరిచ్చేది.

మాకు లేదు పొమ్మనే వస్తోంది. నేను ఉత్తుత్తి పట్టుబడి పెట్టి పంపితే కామెంటు చక్కగా పడుతుంది. అసలు చెరువుకి పంపితే అలాంటిది లేనే లేదంటుంది. గణపవరం లారీ ఐసు లేకుండా వెళ్ళి సగం చేప మెత్తబడిపోయింది. లారీలు చూసే ఐసు మావయ్య, కేలండరన్నది గోడకుండాలి గానీ గాల్లో వేలాడదీస్తే ఇంతేనని ఊరంతా చెప్పాడు. పంచాంగం గారు మెత్తగానే అన్నారు: "మండవల్లి చెరువు దాకా చూద్దామమ్మా. అప్పటికీ కామెంటు పడకపోతే ఆ ప్రోగ్రాం కట్టేసి, మీరు బిల్లులు కొట్టుకోండి."

బిల్లులు కొట్టడానికేనా నేనంత చదివింది? నేను నోరెత్తి మాట్లాడే మనిషిని కాదు గానీ, ఆ పూట కుర్చీలోంచి లేవలేదు. కేలండర్ తెరిచి, కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాను. పక్క గదిలో పంచాంగం గారు పంచాంగం తిప్పి, "వర్జ్యం తగిలింది" అంటూ ఫోను తీశారు. నా కళ్ళెదుటే మండవల్లి పట్టుబడి మాయమై, రెండు గడులు కిందకి కొత్తగా పుట్టింది. కొత్త పుట్టుకకి కొత్త నంబరు. నా ప్రోగ్రామేమో పోయినదాని నంబరు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది, పాపం.

"తుడిచేశారేంటండీ? జరిపితే సరిపోయేది కదండీ."

"జరిపితే వాయిదా వేసినట్టమ్మా. వాయిదా పడ్డ పట్టుబడి మాకు అచ్చిరాదు. మా నాన్నగారూ ఇంతే, చెడ్డ ఘడియని తుడిచేసి కొత్తది పెట్టుకునేవారు."

కేలండర్ కంపెనీకి ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి ఆయన్ని తుడవొద్దని చెప్పమంది.

"ఆయన వినరండీ. నేను చెప్పను కూడా."

"మరెలా మేడమ్?"

"మీ నంబర్లే మా చెరువుల వెంట నడుస్తాయండి."

ఫోన్ పెట్టేసి ప్రోగ్రాం తెరిచాను. ఆ మాటన్నాక చేసి చూపించాలి కదా! కామెంటు పంపేముందు పాత నంబరుతో కాకుండా చెరువు పేరుతో వెతికి, అప్పుడు బతికున్న పట్టుబడి ఏదో దాని నంబరు తీసుకుని దానికే తగిలించేలా మార్చాను. పట్టుబడి రోజు పొద్దున్నే పంచాంగం గారు ఇంకోసారి తుడిచి పెట్టారు. (దుర్ముహూర్తమట. నన్ను పరీక్షించడానికేనని నా అనుమానం.) నేను కామెంటు పంపాను. కాసేపటికి దాని కిందే ఐసు మావయ్య జవాబు పడింది: "ఐసు ఎక్కించాం. గట్టు మీదున్నాం. టీ పంపండి."

తర్వాత కొన్నాళ్ళకి పంచాంగం గారి అల్లుడు, వాయిదా అని ఒక బటన్ పెట్టెయ్యండి, సులువుగా ఉంటుందన్నాడు. "పెట్టనండి" అన్నాను. అంతే, కారణం కూడా చెప్పలేదు. ఉద్యోగం నిలబడి పట్టుమని నెల కాలేదు, ఆ పొగరు చూడండి అప్పటి ఆ పిల్లకి. ఇప్పుడు తలుచుకుంటే దగ్గరకి తీసుకుని బుగ్గ గిల్లాలనిపిస్తుంది.