సాకెట్ పీకినా ఆగని గాలి

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత కుదరదు. ఇది నిజం. నా కారు మీద ఒట్టు... ఆ కారు మీద ఒట్టుకు విలువేముంది అంటారా? సరే, మా నాయన మీద ఒట్టు.

ఎత్తు కనిపిస్తే చాలు, ఆ కారు మూలిగేది. నల్లటి పొగ. గిద్దలూరు మెకానిక్కులు డీజిల్ ఫిల్టర్ మార్చారు. ఇంజెక్టర్లు కడిగారు. క్లచ్ ప్లేట్లు కూడా మార్చారు. దానికీ దీనికీ ఏం బంధుత్వమో ఇప్పటికీ చెప్పలేదు. చివరికి మస్తాన్ అనే మెకానిక్ మా ఇంటి ముందే బానెట్ ఎత్తి, "గాలి తేడా గొడ్తాంది సార్" అన్నాడు.

ఇంజిన్ ఎంత గాలి పీలుస్తోందో కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది. అది అబద్ధం చెబితే డీజిల్ లెక్క తప్పుతుంది. మస్తాన్ చెప్పింది ఆ గాలి. నాయన విన్నది వేరే గాలి.

"గాలి సోకితే నిమ్మకాయలు తొక్కియ్యాల గానీ, వైర్లు పీకితే పోతాదా?"

ఇద్దరి మీదా ఒళ్లు మండి, స్కానర్ నేనే కొనుక్కున్నాను. కారుకు గుచ్చితే గాలి అంకెలు ఫోన్లో కనిపిస్తాయి.

ఆ రోజు పొద్దుగూకాక నాయనకు ఆయాసం ముదిరింది. మార్కాపురం ఆస్పత్రికి వెంటనే తీసుకుపొమ్మన్నారు. వెనక సీట్లో కూర్చోబెట్టి బయల్దేరాను. కంభం దాటాం. మనిషి లేడు, దీపం లేదు. అక్కడ... ఆగింది.

వెనక నాయన రొమ్ములో పిల్లికూతలు.

"ఏందిరా, నిలిపితివి?"

"గాలి సెన్సర్ నాయనా."

"నేను చెప్పలా?"

ఊపిరాడకపోయినా ఎత్తిపొడుపు మానడు.

బానెట్ ఎత్తాను. ఇంజిన్ ఆగి ఉంది, తాళం మాత్రం ఆన్‌లో ఉంది. అంకె సున్నా ఉండాలి. స్కానర్ గుచ్చి ఫోన్ చూశాను.

సున్నా... రెండు... ఐదు... రెండు... సున్నా.

మళ్లీ... రెండు... ఐదు...

సెన్సర్ సాకెట్ పీకేశాను. వైరు నా చేతిలో ఉంది. అంకె మాత్రం ఎక్కుతోంది... దిగుతోంది. మెల్లగా. ఎవరో ఊపిరి తీస్తున్నట్టు.

భయం తర్వాత వేసింది. ముందు కోపం వచ్చింది. ఆగిన ఇంజిన్, పీకిన వైరు... ఎవడ్రా పీల్చేది?

నాయన ఊపిరేనేమో అనుకున్నాను. అప్పుడే ఆయన మందు పంపు పీల్చి, ఊపిరి బిగబట్టాడు. పిల్లికూతలు ఆగాయి.

అంకె ఆగలేదు.

సాకెట్ పెట్టకుండానే స్టార్ట్ చేశాను. సెన్సర్ లేకపోతే బండి ఏదో అంచనా లెక్కతో నడుస్తుంది. ఇంతవరకూ పుస్తకాల్లో ఉంది. మార్కాపురం దాకా మూలగకుండా పరిగెత్తింది.

ఆస్పత్రిలో నాయన ముక్కుకు మాస్కు పెట్టారు. కాసేపటికి ముఖం తేటపడింది. నా ప్రాణం కుదుటపడింది. ఆయన మాస్కు కొంచెం జరిపాడు.

"నా పక్కన కూసోని వచ్చినాడే, ఆయప్పక్కూడా పెట్టమనరా. పాపం, నాకంటే ఎక్కువ ఎగపోస్తాండాడు."

"ఎవరు నాయనా?"

"నువ్వు ఎక్కిచ్చుకున్నోడే గదరా!"

నేను ఎవరినీ ఎక్కించుకోలేదు. ఆయాసంలో కలవరింత అనుకున్నాను. స్కానర్ చెడిందంటారు మీరు. కావచ్చు. కానీ మందు కలుపుతున్న నర్సు తలుపు వైపు తిరిగి, "ఒక్కటే మిషన్ ఉండాది. ఆయన్ని అట్ల బెంచీ మీద కూసోమనండి" అంది.

అక్కడ ఎవరినో చూసి అందా... మా మాటలు విని అందా... అడగాలనుకున్నాను. అడగలేదు.